గ్రూపులోంచి ఎవర్ని తీసెయ్యాలి?

2023 వానాకాలం. ముదినేపల్లి అవతల, చేపల చెరువుల మధ్యనున్న ఒక హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ప్రయోగాల వీడియోలు అందులో పెట్టేదాన్ని, పిల్లలు సాయంత్రం డౌట్లు అడిగేవారు. పిల్లలకు సొంత ఫోన్లెక్కడివి? గ్రూపులో ఉన్నవన్నీ ఇంట్లో పెద్దల నంబర్లే. పగలంతా ఆ ఫోను తండ్రితోపాటు చెరువు గట్టు మీద ఉంటుంది, పొద్దుపోయాక పిల్ల చేతికొస్తుంది.

ఒకరోజు ప్రేయరు కాకముందే యేసుపాదంగారు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చెరువులో మేత వేసే కూలీ. ఆయన కూతురు సువార్త నా క్లాసులో డౌట్లతో ప్రాణం తీసే పిల్ల.

"మా పిల్లకి టీసీ ఇప్పించండి మేడంగారూ. చదివింది చాలండి."

ఫోను నా ముందు పెట్టారు. 'ఒక్క ఫొటో పెట్టు సువార్తా, ఎవరికీ చూపించను' అని ఉంది. దాని కింద ఇక్కడ రాయలేని మాటలు ఇంకా ఉన్నాయి.

"నిన్న మధ్యాహ్నం వచ్చిందండి. ఫోను నా దగ్గరే ఉంది కాబట్టి తెలిసింది. ఎప్పట్నించి నడుస్తుందో ఏంటో."

"పైకి జరిపి చూశారా? మీ అమ్మాయి ఒక్క మాటైనా పెట్టిందా?"

"లేదండి."

"మరి దాని తప్పేంటండీ?"

ఆయన ఫోను వెనక్కి లాక్కున్నారు. పరువు పోతుందని మెసేజి చెరిపేస్తానన్నారు. వద్దని చెప్పి, స్క్రీన్‌షాట్, అంటే ఫోను తెరకే ఫొటో, తీసి దాచాను. ఆ నంబరు గ్రూపులోదే. సువార్త తోటి విద్యార్థి బాబాయిది. ఆ మనిషి స్కూలు కమిటీ చైర్మన్‌గారి తమ్ముడు. పాఠాల కోసం ఇచ్చిన నంబరుతో గ్రూపులో కూర్చుని, ఆడపిల్లల నంబర్లు ఏరుకున్నాడు.

మా హెడ్మాస్టరుగారు మంచివారే, గొడవంటే మాత్రం భయం. "ఆ అమ్మాయి నంబరు ఒక్కటీ తీసేయండి మేడం. తనకే క్షేమం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. దొంగను వదిలేసి ఇంటివాళ్ళను ఊరు ఖాళీ చెయ్యమంటే క్షేమమా అది?

సువార్తను పిలిపించాను. తల దించుకునే వచ్చింది గానీ, తన నంబరు తీసేయాలన్న మాట వినగానే తలెత్తింది.

"నేనెందుకండీ వెళ్ళడం? మీరు రేపు కరెంటు పాఠం వీడియో పెడితే నాకెవరు చూపిస్తారండీ?"

"విన్నారుగా సార్" అని, ఆయన ముందే ఆ బాబాయి నంబరు తీసేశాను. పిల్లల మీద లైంగిక వేధింపులకు పోక్సో అనే చట్టం ఉంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే మనదీ నేరమే. "మీరొస్తే మీతో, లేకపోతే ఒక్కదాన్నే వెళ్తాను" అన్నాను. హెడ్మాస్టరుగారు స్కూటరు తాళాలు తీసుకున్నారు.

కేసు పెట్టాక ఊళ్ళో నన్ను అననివాళ్ళు లేరు. టీచరమ్మకెందుకు ఈ పెత్తనం అన్నారు. ట్రాన్స్‌ఫర్ చేయిస్తామని కబురు పెట్టారు. చేయించుకోండి, ఏ ఊరెళ్ళినా ఇదే పని చేస్తానని తిరుగు కబురు పంపాను. గ్రూపు మాత్రం మూసెయ్యలేదు, ఎందుకు మూసెయ్యాలి? దాన్ని వాట్సాప్ కమ్యూనిటీగా మార్చాను. అందులో ఒకరి నంబరు ఒకరికి కనబడదు, టీచరే పోస్టు పెట్టగలదు. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషి బడికొచ్చి కనబడితేనే చేరుస్తాను. ఏ పిల్లకీ నేను విడిగా మెసేజి పెట్టను. డౌట్లు క్లాసులోనే అడగాలి, జవాబు వీడియో అందరికీ పెడతాను.

ఇప్పుడు కొత్త టీచర్లు సెట్టింగులు నేర్పమని వస్తుంటారు. నేర్పుతాను. కానీ ముందు యేసుపాదంగారి సంగతి చెబుతాను. కేసు పెట్టిన వారానికి చైర్మన్‌గారు స్వయంగా చెరువు గట్టుకు వెళ్ళి, "ఏదో సరదాకి పెట్టాడు, రాజీ చేసుకో యేసుపాదం" అన్నారట. ఆ చెరువు ఆయనదే, యేసుపాదంగారి కూడూ అక్కడిదే. కూతురికి టీసీ ఇమ్మని వచ్చిన ఆ మనిషే మేత బస్తా కింద దించి, ఇలా అన్నారట:

"మా పిల్ల బడికెళ్ళిందండి. సాయంత్రం వస్తది. రాజీ అవుతదో లేదో దాన్నే అడగండి."