అమ్మ బుట్టలో మూడు వరసలు

అమ్మ పోయాక బాపట్ల ఇంటి నుంచి నేను తెనాలికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి నాన్నగారు, రెండోది సగంలో ఆగిపోయిన ఒక బుట్ట. బుట్టని ఇష్టంగా తెచ్చుకున్నాను. నాన్నగారిని బాధ్యత కాబట్టి తెచ్చుకున్నాను. అప్పట్లో నా మనసు అలాగే ఉండేది, దాచడం ఎందుకు.

ఆ బుట్ట అమ్మ నా కోసం మొదలుపెట్టింది. నేను రేపల్లెలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజూ పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి వెళ్తాను. ఓసారి రైల్లో సంచి ఒరిగి, క్యారేజీలో పప్పంతా పిల్లల పరీక్ష పేపర్ల మీద పడింది. ఆ సంగతి ఫోన్లో చెప్తే అమ్మ చాలాసేపు నవ్వి, "అడుగు వెడల్పుగా వేసి నీకో బుట్ట అల్లుతాలే. క్యారేజీ నిటారుగా నిలబడుతుంది" అంది.

అమ్మ అల్లేది ప్యాకింగ్ పట్టీలతో. బట్టల కొట్లకి వచ్చే బేళ్ల చుట్టూ ప్లాస్టిక్ పట్టీలు బిగించి ఉంటాయి కదా, అవే. కొట్టువాళ్లు కోసి అవతల పారేసే వాటిని అడిగి తెచ్చుకునేది. సర్ఫు నీళ్లలో కడిగి, తుడిచి, వంకరలు పోవడానికి వారం రోజులు పరుపు కింద పెట్టేది. సెలవులకి వెళ్లి ఆ పరుపు మీద పడుకుంటే, పక్కకి తిరిగినప్పుడల్లా కింద కరకరమనేది.

నాన్నగారికి ఇదంతా నామోషీ. ఆయన సంస్కృతం మాష్టారుగా చేసి రిటైరయ్యారు. "మాష్టారి భార్య కొట్ల ముందు చెత్త ఏరుకుంటోందని నలుగురూ అనుకోవాలా?" అనేవారు. అమ్మ తన చేతిలో ఉన్న పట్టీని ఇంకాస్త గట్టిగా లాగేది. ఇరుగుపొరుగంతా అడిగి మరీ అల్లించుకునేవారు గాని, ఆయన నోటివెంట ఒక్క బుట్ట బాగుందన్న మాట నేను వినలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అమ్మ పోయాక ఆయన మా వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఏదో చదువుకుంటూ ఉంటే, కాఫీ గ్లాసు కాస్త చప్పుడయ్యేలాగే పెట్టేదాన్ని.

బుట్టకి అడుగు పూర్తయింది. నీలం పట్టీలు నిలువుగా లేచి ఉన్నాయి. వాటి చుట్టూ పసుపు పట్టీలు ఎనిమిది వరసలు వచ్చి ఆగిపోయాయి. లోపల చుట్ట చుట్టి పెట్టిన పసుపు పట్టీలు ఇంకో మూడున్నాయి. పైన నీలం కొసలు ఎటు పడితే అటు వాలిపోయి, బుట్ట తల దువ్వుకోనట్టు ఉండేది. దాన్నెలాగైనా పూర్తి చేసి, అమ్మ బుట్టని రోజూ బడికి పట్టుకెళ్లాలని నా పంతం.

ముందు నేనే దిగాను. లెక్కల టీచర్ని, ఇదెంత అనుకున్నాను. అమ్మ కోసిన పట్టీలు ముట్టుకోవడానికి మనసొప్పక, కొట్లో అడిగి ఇంకో పట్టీ తెచ్చాను. టేపుతో బుట్ట చుట్టుకొలత మిల్లీమీటర్లతో సహా కొలిచి, సరిగ్గా అంతే కోశాను. చుట్టూ తిప్పి చూస్తే కొసలు రెండూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. కొస మీద కొస ఎక్కి నాలుగు గళ్లు లోపలికి దూరితే తప్ప వరస నిలవదు. ఆ నాలుగు గళ్లూ నా లెక్కలో లేవు. ఇదే తప్పు పిల్లలు చేస్తే నేనేమనేదాన్నో తలుచుకుని, పట్టీ తీసి అవతల పారేశాను.

మర్నాడు బుట్టని రైలెక్కించాను. మా పెట్టెలో రోజూ ఒకావిడ వస్తుంది. తెనాలిలో ఎక్కి రేపల్లె బజార్లో బుట్టలు అమ్ముకుంటుంది. దారి పొడుగునా అల్లుతూనే ఉంటుంది. చిన్న బుట్టయితే వేమూరుకి అడుగు అయిపోతుంది, భట్టిప్రోలు దాటేసరికి గోడలు లేస్తాయి. కళ్లు కిటికీ బయట ఉంటాయి, నోరు పక్కావిడతో మాట్లాడుతూ ఉంటుంది, వేళ్ల పని వేళ్లది. ఇన్నాళ్లూ పేపర్లు దిద్దుకుంటూ ఆవిడని చూసీ చూడనట్టు ఉన్నాను.

"అక్కా, ఇది మా అమ్మ అల్లింది. ఆవిడ లేదిప్పుడు. మిగతాది మీరు అల్లి పెడతారా?" అని అడిగాను.

ఆవిడ తన పని పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని మరీ బుట్ట అందుకుంది. ఒళ్లో పెట్టుకుని చుట్టూ ఒకసారి తిప్పింది. బొటనవేలితో తడుముకుంటూ ఇంకోసారి తిప్పింది.

"అమ్మగారిది ఎడంచేతి వాటమా అండి?"

అమ్మ గురించి నేను చెప్పింది ఒక్క ముక్కే, ఆవిడ లేదని. అమ్మ అన్నం తినడం తప్ప తక్కినవన్నీ ఎడంచేత్తోనే చేసేది. వడ్డించేటప్పుడు మాత్రం నాన్నగారు చూస్తారని గరిట కుడిచేతికి మార్చుకునేది.

"మీకెలా తెలుసు?"

"అతుకులు చూడండి టీచరుగారూ. ఏ చేత్తో లాగితే అతుకు ఆ పక్కకి పడుద్ది. ఈ కింది అయిదూ ఎడం పక్కకే ఉన్నాయి. ఏం బిగువండీ, నీళ్లు పోసినా నిలబడేట్టున్నాయి." ఆవిడ వేలు పైకి జరిగి ఆగింది. "ఈ పై మూడు వరసలూ మాత్రం ఆవిడవి కాదండి."

చూశాను. పై మూడింటి అతుకులూ కుడిపక్కకి ఉన్నాయి. ఆ బుట్ట నెలల తరబడి నా కళ్ల ముందే ఉంది.

"ఎవరో కొత్తమనిషండి. మగాళ్లేమో కూడా, వేళ్లు బండ. ఇదుగో, పట్టీ మీద తెల్లటి గీతలు కనపడుతున్నాయా? మడిచి విప్పితే పడతాయివి. ఒక్కో పట్టీ నాలుగైదు సార్లు విప్పి మళ్లీ అల్లారు. భయపడతా అల్లారండి పాపం. గడి మాత్రం ఒక్కటి తప్పలేదు."

పిల్లల పేపర్లో ఏ లెక్క ఎవరిది చూసి వేశారో ఇట్టే పట్టేస్తానని మా బళ్లో నాకు పేరుంది. ఆ పొద్దున ఆవిడ ముందు నేను పలకా బలపం పట్టుకున్న పిల్లలా కూర్చున్నాను. ప్లాస్టిక్ పట్టీల్లోంచి ఆవిడ మా ఇంటిని చదువుతోంది. ఇంత చదువు ఇన్నేళ్లూ నా ఎదుటి సీట్లో కూర్చుని ఉందంటే, దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

"ఈ నిలువులకి పన్నెండు వరసలు పట్టాలండి. ఎనిమిది అయ్యాయి, లోపల మూడున్నాయి. కోసిన ఆవిడ తక్కువ కొయ్యదు. ఇంకోటి మీ ఇంట్లోనే ఉండుంటది, చూడండి. ఈ మూడు వరసలూ విప్పేసి నేను అల్లి ఇస్తాను. అప్పుడు వంకర లేకుండా ఉంటది."

"ఇప్పుడే విప్పకండి" అని బుట్ట తీసేసుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే బుట్టని నాన్నగారి ఎదురుగా పెట్టాను. "ఈ పై మూడు వరసలూ ఎవరు అల్లారు?" అన్నాను. గొంతు క్లాసులోలాగే లేచింది.

ఆయన పుస్తకం మూశారు. లేచి లోపలికెళ్లారు. పెట్టె తెరిచిన చప్పుడయింది. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో చుట్ట చుట్టిన పసుపు పట్టీ ఒకటుంది.

"మంచాన పడ్డాక మీ అమ్మ వేళ్లలో పట్టు పోయింది కదా. నీ బుట్ట ఆగిపోయిందని ఒకటే బాధ. పడుకునే చెప్పేది, ఒకటి పైనించి, ఒకటి కిందనించి అని. నేను అల్లి చూపిస్తే వేలితో తడిమి చూసి, 'విప్పండి' అనేది. మళ్లీ అల్లేవాణ్ణి. మళ్లీ 'విప్పండి' అనేది." ఆయన ఆ మూడు వరసల మీద వేలు పెట్టారు. "ఆ మాట అంటున్నప్పుడు తన మొహంలో నొప్పి కనపడేది కాదు. ఒక్కోసారి కావాలనే వదులుగా అల్లేవాణ్ణి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆదివారాలు బాపట్ల వెళ్లి పళ్లూ మందులూ అక్కడ పెట్టి, ఆయనతో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి రైలెక్కేసిన కూతుర్ని నేనే.

"నాకెందుకు చెప్పలేదు?"

"తనే వద్దంది. వంకర వరసలు నావని తెలిస్తే నువ్వు విప్పేస్తావని."

అమ్మకి నేనేంటో ఎంత బాగా తెలుసో. నాకు సిగ్గేసింది.

చేతిలో పట్టీని ఆయన బొటనవేలితో సాపు చేస్తున్నారు. "ఇది నాలుగోది. తను పోయాక అల్లుదామని చాలాసార్లు తీశాను. సరిగ్గా వచ్చిందో లేదో చెప్పడానికి మనిషేదీ?"

బుట్ట నా మోకాళ్ల మధ్య పెట్టుకుని ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు. నీలం పట్టీ వచ్చినప్పుడల్లా పైనించి, కిందనించి అని పెదాలు కదుపుతున్నారు. మొత్తం చుట్టూ తిరిగి రావడానికి చాలాసేపే పట్టింది. కొస మీద కొస ఎక్కించి నాలుగు గళ్లు దూర్చారు. అతుకు కుడిపక్కకి పడింది.

"సరిగ్గా వచ్చిందా?" అని అడిగారు.

వేలితో తడిమి చూశాను. మూల దగ్గర వదులుగా ఉంది. పోనీలే పెద్దాయన, బాగుందని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"రాలేదు. విప్పండి, నాన్నగారూ."

ఆయన తలెత్తి నా వంక చూశారు. అమ్మ పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. అతుకులోంచి కొస బయటికి లాగి, విప్పడం మొదలుపెట్టారు.