గట్టిగా అరవరా అల్లుడూ

మొహిద్దీన్ బాషాకి తాగుడు లేదు, పేకాట లేదు, ఆఖరికి వక్కపొడి అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. కనిపించిన ప్రతి మనిషితోనూ వరస కలిపేస్తాడు. "మీదే ఊరండీ?" అని మొదలుపెట్టాడంటే, అవతలివాడు టీ గ్లాసు కింద పెట్టేలోపు బాబాయో, బావో, మేనల్లుడో అయిపోవాల్సిందే. కులం, మతం, జిల్లా ఏవీ అడ్డం రావు. ఒకసారి సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్తూ బస్సు కండక్టరుకి చిన్నాన్న అయ్యాడు. ఆ ఆనందంలో కండక్టరు బెల్లు కొట్టడం మరిచిపోయాడు. మేడికొండూరులో దిగాల్సిన వాళ్లంతా పేరేచర్లలో దిగి, చిన్నాన్ననీ కొడుకునీ కలిపి తిట్టుకుంటూ వెనక్కి వెళ్లారు.

భార్య జహీరున్నీసాకి ఈ సంగతి పెళ్లయిన మర్నాడే తెలిసింది. ఆమెది తాడేపల్లి. అక్కడినుంచి అత్తవారింటికి తీసుకొస్తుంటే దారిలో కారు టైరు పంచరైంది. పంచరు వేసినవాడు కూడా తాడేపల్లివాడేనట. ఇంకేం, బావమరిది అయ్యాడు. కొత్త పెళ్లికూతురు మెట్టినింట్లో కాలుపెట్టగానే చేసిన మొదటి పని, నూనె చేతుల బావమరిదికి అన్నం వడ్డించడం. ఆ రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది, ఈయన కలిపే వరసతో తను మాత్రం ఎవర్నీ పిలవకూడదని.

పత్తి మిల్లులో సూపర్‌వైజరు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ జబ్బుతో పెద్ద నష్టమేమీ జరగలేదు. మిల్లు మూతపడ్డాక తెలిసొచ్చింది. పని వెతుక్కుంటూ గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరు దగ్గరికి వెళ్లి, సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏమన్నాడు?" అంది జహీరున్నీసా.

"ఏమంటాడు? వరసకి అన్నయ్య అవుతాడు. టీ ఇప్పించాడు."

"మరి ఉద్యోగం?"

"అన్నయ్యని పట్టుకుని ఉద్యోగం అడుగుతామా? మొహమాటంగా ఉండదూ?"

జహీరున్నీసా కుట్టుమిషను తొక్కడం ఆపి, ఆయన వంక ఒకసారి చూసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ పూట కుట్టిన జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు వచ్చాయి.

ఇంట్లోకి క్రెడిట్ కార్డు వచ్చిందీ ఇదే దారిన. మిల్లు నడుస్తున్న రోజుల్లో గుంటూరు నుంచి బాలు అనే కుర్రాడు, ఒక ప్రైవేటు బ్యాంకు తరఫున కార్డులు అంటగట్టడానికి వచ్చాడు. మిల్లులో ఎవరూ తీసుకోలేదు. పాపం, మెడలో టై బిగించుకుని గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడు. బాషా వెళ్లి ఊరడిగాడు. నకరికల్లు. వాడి మేనమామ బాలస్వామి ఈ మిల్లులోనే బేళ్లు కట్టేవాడని, బాషాని నోరారా అన్నా అని పిలిచేవాడని తేలింది. మేనమామకి అన్న అంటే తనూ మేనమామే. మేనల్లుడు కార్డు తీసుకోమంటే కాదంటే ఏం మర్యాద? కార్డు తీసుకున్నాడు.

మిల్లు పోయాక ఆ కార్డే బియ్యం తెచ్చింది, మందులు తెచ్చింది, కూతురు అర్ఫాకి స్కూలు ఫీజు కట్టింది. తెచ్చినంతసేపూ బాగానే ఉంది. తిరిగి కట్టడానికే ఏమీ లేదు. ఇంతలో బ్యాంకువాళ్లు బాలుని కార్డులు అమ్మే పనిలోంచి తీసి, బాకీలు వసూలు చేసే పనిలో వేశారు. వాడికిచ్చిన మొదటి పేరే మొహిద్దీన్ బాషా.

వాడు వచ్చి గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. చేతిలో సెల్‌ఫోను. గుంటూరులో పై ఆఫీసరు లైన్లో ఉండి వింటున్నాడట. బాకీదారుణ్ని వీధంతా వినేలా తిట్టాలట. లేకపోతే ఈ నెలాఖరుకి ఉద్యోగం ఊడుతుందట. ఇదంతా ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, గుసగుసగా చెప్పాడు.

తర్వాత చెయ్యి తీసి, "మామయ్యగారూ, దయచేసి బాకీ సంగతి..." అని అరిచాడు. అరిచానని వాడనుకున్నాడు గానీ, వాకిట్లో కోడి కూడా తల తిప్పలేదు.

బాషా మళ్లీ ఫోను మీద చెయ్యి పెట్టాడు. "ఛ, ఛ. ఇలాగైతే నీ ఉద్యోగం ఉంటుందా? ఒరేయ్ బాషా అను."

"మిమ్మల్ని ఒరేయ్ అనలేను మామయ్యగారూ."

"అనాలి. గట్టిగా అరవరా అల్లుడూ. సిగ్గు లేదా అని కూడా అను, బాగుంటుంది."

వాడు కళ్లు మూసుకుని, బాగా ఊపిరి పీల్చి, "ఒరేయ్ బాషా, సిగ్గు లేదట్రా!" అని కేక పెట్టాడు. అంతే, ఎదురింటి పున్నమ్మ చీపురు పుచ్చుకుని పరుగెత్తుకొచ్చి, వీపు మీద ఒకటి వేసేసింది. "కొట్టకు పున్నమ్మక్కా, మన అల్లుడు" అంటూ బాషా అడ్డం పడి రెండోది తను తిన్నాడు. ఆ చీపురు దెబ్బలు ఫోన్లో ఎలా వినిపించాయో గానీ, పై ఆఫీసరు భేష్ అన్నాడట.

ఆ తర్వాత వారం వారం అదే తంతు. వీధికంతా విషయం తెలిసిపోయింది. బాలు వచ్చే వేళకి ఆడవాళ్లు పీటలు వేసుకుని సిద్ధంగా ఉండేవాళ్లు. పోయినవారం ఇంకా బాగా తిట్టాడని పున్నమ్మ పెదవి విరిచేది. తిట్లయ్యాక బాలు సిగ్గుపడుతూ లోపలికొచ్చి అన్నం తినేవాడు. జహీరున్నీసా వడ్డించేది గానీ, "బ్యాంకబ్బాయీ, ఇంకొంచెం పప్పు వేసుకో" అనేది తప్ప వరస మాత్రం నోటికి రానిచ్చేది కాదు.

ఎన్ని తిట్లు తిట్టినా డబ్బు రాలదు కదా. ఆఖరికి బ్యాంకువాళ్లు సత్తెనపల్లి కోర్టులో దావా వేశారు.

లాయరు బాపయ్యగారి దగ్గరికి వెళ్తే ముందుగా జరగాల్సింది జరిగింది. ఆయన బాబాయి అయిపోయాడు. అన్న కొడుకుని ఫీజు ఎలా అడగాలో తెలియక బాపయ్యగారు రెండుసార్లు దగ్గి ఊరుకున్నారు. తర్వాత కాగితాలన్నీ చూసి, ఓడిపోతే రెండు గదుల ఇల్లూ వేలానికి వస్తుందని చెప్పారు. ఆ ఇల్లు జహీరున్నీసా ఇన్నేళ్ల జాకెట్ల కుట్టుకూలి. ఆయన పేరున ఉంటే మాత్రం ఏం, అందులో ప్రతి ఇటుకా ఆమెదే.

అయితే ఒక దారి ఉందన్నారు బాపయ్యగారు. ఆ కుర్రాడు ఇంటికొచ్చి నానా మాటలూ అన్నాడని కోర్టులో చెప్పాలి. వీధి వీధంతా సాక్ష్యమే. పరువు పోతుందని భయపడి బ్యాంకు రాజీకి వస్తుంది.

"మరి అల్లుడు?" అన్నాడు బాషా.

"వాణ్ని తీసేస్తారు. పోలీసు కేసు కూడా కావచ్చు. నీ ఇల్లు చూసుకోవయ్యా. ఇంకో మాట, బోనెక్కాక జడ్జిగారిది ఏ ఊరని మాత్రం అడక్కు. నీకు దణ్ణం పెడతాను."

వాయిదా రోజున కోర్టు వరండాలో బాలు ఒక మూల నిలబడి ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాషా వెళ్లి వాడికి టీ ఇప్పించి వచ్చాడు. జహీరున్నీసాకి ఒళ్లు మండిపోయింది.

"లాయరుగారు చెప్పినట్టే చెప్పండి. మీకు అల్లుళ్లు బస్సుకొకడు దొరుకుతాడు. నాకు ఇల్లు దొరకదు."

ఆయన తల ఊపాడు. ఏ మాటకి ఊపాడో ఆమెకి తెలియలేదు.

బోనెక్కాక బాపయ్యగారు గొంతు సవరించుకుని, ఈ బాలు అనే వ్యక్తి మీ ఇంటి ముందు మిమ్మల్ని తిట్టాడా లేదా అని అడిగారు.

"తిట్టాడండి. నేనే తిట్టమన్నాను."

బాపయ్యగారి చేతిలో పెన్ను కింద పడింది. జడ్జిగారు, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, రాసేది ఆపి తలెత్తారు. "మీరే తిట్టమన్నారా? ఎందుకు?"

"వాళ్ల పై ఆఫీసరు ఫోన్లో వింటుంటాడండి. సరిగ్గా తిట్టకపోతే కుర్రాడి ఉద్యోగం తీసేస్తానన్నాడు. వీడికా తిట్టడం చేతకాదు. నేనే నేర్పాను. ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదండీ."

బ్యాంకు లాయరు ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. ఆ ఆఫీసరు ఎవరో మీకు తెలుసా అని జడ్జిగారు అడిగారు.

"తెలియకపోవడమేంటండీ. ఒకసారి ఫోనందుకుని ఊరడిగాను. ఆయనది తాడేపల్లి, మా ఆవిడ పుట్టిన ఊరు. వరసకి నాకు బావమరిది అవుతాడు."

హాలంతా నవ్వులతో హోరెత్తిపోయింది. బంట్రోతు నిశ్శబ్దం నిశ్శబ్దం అంటూనే కడుపు పట్టుకున్నాడు. జడ్జిగారు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని, చాలాసేపటికి గానీ దించలేదు. దించాక బ్యాంకు లాయరు వంక ఒక చూపు చూశారు. ఫోన్లో తిట్లు వినే ఆఫీసరు సంగతి రికార్డుకి ఎక్కిస్తే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నెల తిరక్కుండా లోక్ అదాలత్‌లో రాజీ అయింది. వడ్డీ, జరిమానాలు పోయాయి. అసలు మాత్రం నెలకి కొంత చొప్పున కట్టాలి. ఆఫీసరుని ఎక్కడికో మార్చేశారు. బాలు ఉద్యోగం బాలుకే ఉంది. సంతకాలయ్యాక బాషా జడ్జిగారికి నమస్కారం పెట్టి, "అమ్మా, మీది..." అని మొదలుపెట్టేసరికి, బాపయ్యగారు రెక్క పుచ్చుకుని బయటికి లాక్కొచ్చారు.

దారి పొడుగునా జహీరున్నీసా ఆయన వంకే చూస్తూ నడిచింది. ఇన్నేళ్లూ ఈ వరసలన్నీ నోటి దురద అనుకుంది. అల్లుడా అని పిలిచినందుకు ఇల్లు పోయినా సరేనని నిలబడతాడని ఆమె అనుకోలేదు. కోపం రావాలని గట్టిగా ప్రయత్నించింది గానీ రాలేదు. మర్నాడే ఆయన్ని వెంటబెట్టుకుని కొత్తగా పెట్టిన పత్తి కొనుగోలు కేంద్రానికి వెళ్లింది. యజమాని నోట పనిస్తాననే మాట వచ్చేదాకా బాషా ముంజేతిని గిల్లుతూనే ఉంది. మాట వచ్చాక వదిలింది. ఆ యజమాని పెదనాన్న అయ్యాడు.

మొదటి వాయిదా డబ్బు తీసుకోవడానికి బాలు వచ్చిన రోజు, వీధిలో పీటలన్నీ వేసే ఉన్నాయి. వాడు నవ్వుతూ డబ్బు లెక్కపెట్టుకుని రసీదు ఇచ్చేసరికి పున్నమ్మ ముఖం మాడిపోయింది.

"ఇదేంటి, ఇవాళ లేదా? మిరప కోతకి పోకుండా కూర్చున్నానే."

"ఇప్పుడు కడుతున్నారు కదండీ," అన్నాడు బాలు.

"కడితే మాత్రం?"

బాషాకి జాలేసింది. "పెద్దావిడ పని మానుకుని మరీ వచ్చింది. రెండు మాటలు అనేసెయ్ అల్లుడూ."

బాలు అరుగెక్కి, చొక్కా సర్దుకుని, గొంతు సవరించాడు. "ఒరేయ్ బాషా..."

లోపల కంచంలో పప్పు వడ్డిస్తున్న జహీరున్నీసా గుమ్మంలోంచి తల బయటికి పెట్టింది.

"త్వరగా తిట్టేసి రా అల్లుడూ, అన్నం చల్లారిపోతోంది."