పరీక్షాఫీసు ఉత్తరాన్ని కిందకి నెట్టిన అపకూకీ

మా పక్కింటి అపకూకీ యూనివర్సిటీ పిల్లల ఉత్తరాలు దొంగచాటుగా చదువుతాడని రైవాంగా పేటంతా ఒకటే గుసగుస. శుద్ధ అబద్ధం. అతని జబ్బు వేరు. ముందు విషయం ప్రకటించనిదే నోట మాట రాదు.

పొద్దున్నే మా కిటికీలో తల పెడతాడు. "విషయం: కొబ్బరి కోరాం. పంపినవారు: మా అమ్మ. అమ్మమ్మా, ఒకసారి ఇస్తావా?"

"నేరుగా అడిగితే నోరు పడిపోతుందా?"

"విషయం తెలీకపోతే, వినాలో వద్దో నీకెలా తెలుస్తుంది?"

ఒకసారి చర్చిలో ప్రార్థన చెయ్యమంటే లేచి, "దేవా! విషయం: వాన," అన్నాడు. పాస్టరుగారికి దగ్గు ఆగలేదు.

యూనివర్సిటీ మెయిలు పేజీ తెరుచుకునేలోపు పొయ్యి మీద దాలో దుంపలు ఉడికిపోయేవి. అక్కడే రెండో ఏడు చదువుతూ ఇతగాడు ఎవర్నీ అడక్కుండా ఆ ఉత్తరాలు చూసుకోడానికి సొంత పేజీ ఒకటి తయారుచేశాడు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, పగిలిన ఫోన్లో కూడా ఇట్టే తెరుచుకుంటుంది. హాస్టళ్లన్నీ దాని మీద పడ్డాయి. నేనూ వెళ్లి చూసొచ్చాను. చూడకపోతే నాకు అన్నం సహిస్తుందా?

పుకారు పుట్టించింది ఎదురింటి సులువేటి. "మా తమ్ముడి కూతురు పరీక్ష తప్పిందని ఆఫీసు వాళ్లు రాసింది అడుగున, కందావు దీవి నుంచి తండ్రి ఎప్పుడో రాసింది పైన! చదవకుండా వీడికెలా తెలిసిందమ్మా?"

ఆ మాట కంప్యూటర్ ఆఫీసుకు పాకింది. నిజమని తేలితే చదువు మాన్పించి ఇంటికి పంపేస్తారట.

పిలిచిన రోజు నేనూ వెంట వెళ్లాను.

"మీరెవరు?" అన్నాడు ఆఫీసరు.

"పక్కింటిదాన్ని." అంతకన్నా దగ్గరి చుట్టం ఉంటుందా?

అపకూకీ, "విషయం: నేను నిర్దోషిని," అని మొదలుపెట్టాడు. ఈలోగా నేను బల్ల చుట్టూ తిరిగి ఆఫీసరు తెరలోకి తొంగిచూశాను.

"బొమ్మల్లేవు, రంగుల్లేవు! ఇది మావాడి పేజీయే కదా నాయనా!"

ఆఫీసరు గబుక్కున తెర అటు తిప్పేశాడు. "మాది కాస్త నెమ్మది లెండి. పేజీ సంగతి సరే, ఉత్తరాలెందుకు తారుమారవుతున్నాయి?"

అపకూకీ తల వంచి నేలకేసి చూశాడు. విషయం కూడా చెప్పలేదు. నాకు భయం వేసింది.

"ఒరేయ్, నా మొహం చూసి చెప్పు. చదువుతున్నావా?"

"లేదమ్మమ్మా. మిషను పంపినవాళ్ల పేరొక్కటే చూస్తుంది. ఇంటివాళ్లెవరో పిల్లలే మొదట్లో చెబుతారు. పరీక్షాఫీసు ఉత్తరం వస్తే దాన్ని ఇంటి ఉత్తరం కింద పెట్టమన్నాను. ముందు నాన్న మాట చదివి, తర్వాత ఆ వార్త చదివితే కాళ్లు వణకవు కదా."

"మరి ఇంటినుంచి ఎవరూ రాయని పిల్లలకో?" అన్నాడు ఆఫీసరు.

అపకూకీ చెవులు ఎర్రబడ్డాయి. "వాళ్లకి నా పేరుతో ఒకటి వెళుతుంది. 'క్యాంటీన్లో కసావా దుంప మెత్తగా ఉడికింది, తొందరగా రా, నీకు చోటు పట్టి ఉంచాను' అని."

ఆఫీసరు కలానికి మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. "చోటు నిజంగానే పడతావా?"

"పట్టకేం చేస్తాను సార్! ఫలితాలొచ్చిన రోజు నాలుగు బెంచీల మీద నేనొక్కణ్ణే అడ్డంగా పడుకోవాలి."