తిప్పి పంపిన మోచి

మా ఆయన యసోకిచి బ్రెజిల్‌లోని సావో పాలోలో ముప్ఫై ఏళ్లు ఇస్త్రీ దుకాణం నడిపాడు. ఎంత మొండి మడతైనా ఆయన ఇస్త్రీపెట్టె కింద లొంగేది. ఆయన మొండితనానికి మాత్రం ఏ పెట్టే పనికిరాలేదు.

జపాన్ నుంచి ఒకే ఓడలో వచ్చిన హిదకా ఆయనకు ప్రాణ స్నేహితుడు. ఏటా కొత్త సంవత్సరానికి ముందు, ఉడికిన జిగురు బియ్యాన్ని రోట్లో వేసి ఇద్దరూ మోచి దంచేవారు. ఈయన రోకలి ఎత్తేవాడు. అది దిగేలోపు హిదకా తడి చేత్తో ముద్దను తిప్పేవాడు. ఏమరుపాటైతే వేళ్లు నుజ్జే. ఇంకెవరి రోకలి కిందా హిదకా చెయ్యి పెట్టేవాడు కాదు.

యుద్ధం ముగిసింది. జపాన్ ఓడిందంటే మా జపానువాళ్ల వీధిలో సగంమంది నమ్మలేదు. గెలిచామని, మమ్మల్ని స్వదేశం తీసుకెళ్లడానికి ఓడలొస్తున్నాయని మూటలు కట్టుకున్నారు. మా ఆయనా కట్టాడు.

“ఓడిపోయాంరా యసో. ఆ మూట విప్పు,” అన్నాడు హిదకా మా గుమ్మంలో నిలబడి.

“దేశద్రోహీ! మళ్లీ నా గడప తొక్కావంటే ఊరుకోను!” వీధంతా వినేలా అరిచాడు ఈయన.

అయినా ఆ డిసెంబరులో హిదకా డబ్బా నిండా మోచి పంపాడు. “తిరిగిచ్చేసి రా,” అన్నాడు ఈయన. ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలం. ఆ మండుటెండలో నేనే మోసుకెళ్లాను. అలా ఆరేళ్లు.

“ఒక్కటైనా ముట్టాడా చెల్లెమ్మా?” హిదకా ప్రతిసారీ మూత తీసి చూసేవాడు.

“లేదన్నయ్యా.”

“మొండిఘటం,” అని నవ్వబోయేవాడు. నవ్వొచ్చేది కాదు.

ఆ తర్వాతి ఆగస్టు చలిలో హిదకా పోయాడు. ఈయన ఆఖరి చూపుకు కూడా వెళ్లలేదు. దుకాణం మూసి, ఇస్త్రీ బల్ల మీది గుడ్డ ఊడదీశాడు. అడుగున వేడికి కమిలిన ఉత్తరం ఒకటుంది. జపాన్ నుంచి ఈయన తమ్ముడు రాసింది. ఓడిపోయాం, ఇల్లు కాలిపోయింది, అమ్మ లేదు. తేదీ చూశాను. యుద్ధం అయిన మరుసటి ఏడాదిది.

“అప్పట్నుంచీ తెలుసా మీకు?”

“అందరి ముందూ అంత మాట అన్నానే. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? వచ్చే ఏడు వెళ్దాంలే అనుకున్నా. ప్రతి ఏడూ అలాగే అనుకున్నా.” ఆ బల్ల మీదే తల వాల్చి ఏడ్చాడు.

ఆయన మీద కోపం తగ్గడానికి నాకు చాలా కాలం పట్టింది. నా మీద నాకున్నది ఇంకా తగ్గలేదు. ఆరుసార్లు ఆ దారిన నడిచాను. ఒక్కసారైనా మలుపులో ఆగి, ఒక మోచి నేనే తినేసి, ఆయన తిన్నాడని చెప్పాల్సింది.