రసమట్టం చెప్పిన చదును

పొద్దున్నే స్నానాల గదిలో తడిసిన పలకరాయి వాసన తగిలితే చాలు, గురవయ్య మామ గుర్తుకొస్తాడు. మా మార్కాపురంలో ఆయన బండలు పరచని వీధి లేదు. అయినా ఆయన గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నాకు చదువు అబ్బింది ఆయన వల్ల. ఆ చదువుతోనే ఆయన్ను గాయపరిచాను. కాబట్టి ఇది నేనే రాయాలి.

ఆయన మాకు బంధువు కాడు, మా వీధిలోని బండల మేస్త్రి. నేను పదో తరగతి తప్పి బట్టల దుకాణంలో చేరిన రోజుల్లో సాయంత్రం పూట నన్ను గ్రంథాలయానికి లాక్కుపోయేవాడు. ఆయనకు అక్షరం రాదు. నాచేత పేపరు చదివించుకుని, ప్రతి వార్తకూ ఎందుకు, ఎట్లా అని అడిగేవాడు. జవాబులు తెలియక నేను పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. దుకాణంలో వాళ్లు నన్ను పంతులని వెక్కిరిస్తున్నారని చెబితే, "పంతులివే గదా. మాకు కావాల్సిన పంతులివి" అన్నాడు.

చాలా ఏళ్లకు మా స్నానాల గది నేల పగిలిపోయింది. మామను పిలుద్దామంది నా భార్య రమణమ్మ. ఇంటి పనుల మీద గ్రంథాలయంలో పుస్తకం దొరికింది, మనమే చేసుకుందామన్నాను నేను. ఆమె కుట్టుమిషను మూసిపెట్టి వారం రోజులు ఇసుక జల్లించింది, సిమెంటు కలిపింది. నేను రసమట్టం కొన్నాను. దాని గాజు గొట్టంలో బుడగ నడిమధ్యకు వస్తే నేల చదునుగా ఉన్నట్టు. ప్రతి బండ దగ్గరా బుడగను నడిమధ్యకు తెచ్చాను. పుస్తకంలో నేను చదివింది మామూలు గదుల నేల గురించి. స్నానాల గది అధ్యాయం దాకా పోలేదు.

పని చూడమని ఇరుగుపొరుగును పిలిచాను. మామ కూడా వచ్చాడు. గడపలోనే గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"బాగా పరిచినావు అల్లుడా. నీళ్లు యాటికి పోవాల?"

తూము చూపించాను.

"తూము ఉంది సరే. నేల వాలు లేదే. ఒక్క చెంబు పోసి చూడు."

అందరూ నావైపు తిరిగారు. రమణమ్మ చెంబు తేబోతుంటే ఆపాను. "పేపర్లో నీ పేరున్నా చదువుకోలేవు. పుస్తకం చూసి చేసినదానికి వంక పెడతావా మామా?" అన్నాను.

ఆయన మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, రమణమ్మతో మాత్రం, "జాగ్రత్త తల్లీ" అని వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే, నిలిచిపోయిన సబ్బునీళ్ల మీద రమణమ్మ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. కత్తెర పట్టుకుంటే ఇప్పటికీ ఆ చెయ్యి వణుకుతుంది.

సంగతి తెలిసి మామ ఉలీ సుత్తీ తీసుకుని వచ్చాడు. నా బండలన్నీ లేపి, వాలు పెట్టి, మళ్లీ పరిచాడు. రెండు రోజులూ నేను సిమెంటు అందిస్తే తీసుకున్నాడు, తల మాత్రం బండల మీంచి ఎత్తలేదు.

మూడోనాడు గ్రంథాలయానికి వెళ్లాను. కిరాణా దుకాణం సుబ్బయ్య ఆయనకు పేపరు చదివి వినిపిస్తున్నాడు. ఇటివ్వు, నేను చదువుతానన్నాను.

"నీకెందుకులే శ్రమ. సుబ్బయ్య చదువుతుండాడు గదా" అన్నాడు మామ. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. సుబ్బయ్య తడబడుతూ తప్పులు చదువుతుంటే, ఆయన ఓపిగ్గా తలూపుతూ విన్నాడు.

ఆ తర్వాత ఆయన బతికిన నాలుగేళ్లూ ఎదురుపడితే వానల గురించి మాట్లాడుకున్నాం. క్షమించమని అడగడానికి ఎన్నిసార్లు పోయానో, అన్నిసార్లూ వానల గురించే మాట్లాడి వచ్చాను.

ఇది రాయడానికి తోడ్పడిన వాళ్లున్నారు. మామ మాటలు గుర్తుచేసిన సుబ్బయ్యకు, గ్రంథాలయంలో కూర్చుని రాసుకోనిచ్చిన గ్రంథపాలకులు వెంకటరత్నం గారికి కృతజ్ఞతలు. అంతా విని, "నా చెయ్యి సంగతి తక్కువ రాయి, ఆయన సంగతి ఎక్కువ రాయి" అన్న రమణమ్మకు కృతజ్ఞతలు. గురవయ్య మామకు నేను చెప్పాల్సింది మాత్రం కృతజ్ఞత కాదు.