ముందు నేనెక్కుతాను

జెయింటు వీలు పెట్టె నేల వదిలి కొద్దిగా పైకి లేచిందో లేదో, మా ముగ్గురి ఒళ్ళకూ అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ వేలెడంత ముందుకు జారింది. చెయ్యి చాచి దాని కొసన తడిమాను. బోల్టు ఉండాల్సిన చోట మెలితిప్పిన తీగముక్క తగిలింది. వేళ్ళకు నల్లటి గ్రీజు అంటుకుంది. నా కుడి పక్కన ఏడేళ్ళ సుధ, ఎడమ పక్కన నాలుగేళ్ళ చిన్నా. ఇద్దరూ ఆ కడ్డీనే రెండు చేతులా పట్టుకుని, మెడలు ఎత్తి, రంగుదీపాలు చూసి నవ్వుతున్నారు.

"ఆపండి!" అని అరిచాను. బస్సులో దిగాల్సిన చోటు దాటిపోతున్నా కండక్టరును పిలవడానికి మొహమాటపడే మనిషిని నేను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఇంజను దగ్గర నిలబడ్డ మనిషి తల తిప్పాడు. "ఏటైందమ్మా, బయమేసిందేటి?"

"దీనికి బోల్టు లేదు. తీగ కట్టి వదిలేశారు. కిందికి దించండి."

"మద్దేన్నం నించీ ఎంతమంది ఎక్కినారో తెల్సా? ఏటీ అవనేదు. కూకోండి, ఒక్క సుట్టే కదా!"

"దించమంటున్నాను."

వరసలో నిలబడ్డవాళ్ళలోంచి ఎవరో ఆడమనిషి, "అంత బయమైతే ఇంటికాడ కూకోవాల గానీ, జెయింటు వీలెందుకో!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు విసుక్కుంటూ చక్రాన్ని వెనక్కి తిప్పాడు. ఇద్దరు పిల్లల్నీ చెరొక చేత్తో పట్టుకుని దిగాను. చిన్నా అప్పటికే ఏడుపు మొదలెట్టాడు. సుధ ఏడవలేదు, నా మొహంకేసి చూస్తోంది. చీర చెంగుకు వేళ్ళు తుడుచుకున్నా ఆ గ్రీజు వాసన పోలేదు. సముద్రపు గాలిలో, మిరపకాయ బజ్జీల నూనె వాసనలో కలిసి ముక్కుకు తగులుతూనే ఉంది. ఆ వాసనలోంచి నా చిన్నప్పటి నరసమ్మత్త వచ్చి నా పక్కన నిలబడినట్టయింది. ఇదంతా రాయడానికి కూర్చున్నది ఆవిడ కోసమే. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు.

నా చిన్నతనం డెబ్బైల్లో, పోర్టు క్వార్టర్లలో గడిచింది. నాన్న పోర్టులో గుమాస్తా. ఆరేసిన బట్టల మీద ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా పడే చోటు అది. మా వరసలో చివరి ఇల్లు నరసమ్మత్తది. సబ్బవరం పక్క పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టింది. భర్త ఓడల మీద సరుకు దించే పనిలో ఉండి, జబ్బు చేసి పోతే, ఆ ఉద్యోగం బదులు ఆవిడకు అటెండరు పని ఇచ్చారు. పిల్లలు లేరు. భర్త పోయినా రంగు చీరలు మానలేదు. సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. వరసలోని ఆడవాళ్ళకు ఆవిడంటే అంత గిట్టేది కాదు. పిల్లలకు మాత్రం ఆవిడ గుమ్మం వదిలి తమ ఇళ్ళకు వెళ్ళడం ఇష్టముండేది కాదు.

మా అమ్మ అన్నింటికీ భయపడేది. సముద్రమంటే భయం, లారీలంటే భయం, మేడ మెట్లంటే భయం. నేను ఆవిడ కూతుర్నే. ఓడ కూత విన్నా చెవులు మూసుకునేదాన్ని. ఒక వేసవి సెలవుల్లో బీచి దగ్గర ఎగ్జిబిషను పెట్టారు. ఆ వరసలో ఏ తండ్రికీ తీరికలేదు, ఏ తల్లికీ ధైర్యం లేదు. నరసమ్మత్త ఇంటింటికీ వచ్చి, "పిల్లల్ని నాతో పంపండి, సాయంత్రం తీసుకెల్లి రాత్రికి తెచ్చెత్తాను" అంది. మా అమ్మ తలుపు సగమే తీసి, "మా వసంతకు కళ్ళు తిరుగుతాయి వదినా" అంది. "తిరిగితే తిరగనీ. తలకాయైతే ఊడిపోదు కదా!" అని అత్త నా రెక్క పట్టుకుని బయటికి లాగేసింది.

ఎగ్జిబిషనులో ఆవిడకో పద్ధతి ఉండేది. ముందు గ్రౌండంతా ఒక చుట్టు తిప్పేది, ఏదీ కొననిచ్చేది కాదు, ఏదీ ఎక్కనిచ్చేది కాదు. కళ్ళతో చూసుకున్నాక, "ఇప్పుడు సెప్పండి, ఎవలికేటి కావాల" అని అడిగేది. అందరం జెయింటు వీలు అన్నాం. నేను కూడా అన్నాను, ఎక్కాల్సి వస్తుందని అనుకోకుండా. మమ్మల్ని కంచె దగ్గర వరసగా నిలబెట్టి, "ముందు నానెక్కుతాను" అంది. ఒక్కతే వెళ్ళి, కడ్డీని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపి చూసి, ఆవపువ్వు రంగు చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య దోపుకుని కూర్చుంది. మా వెనక నిలబడ్డ ఒకావిడ ఊరుకోలేకపోయింది. "మొగుడు పోయినోళ్ళకి ఈ సరదాలేటో!" అంది, వినపడేలాగే.

పెట్టె అప్పుడే లేస్తోంది. నరసమ్మత్త వంగి ఆవిడకేసి చూసి, "ఆయన పైనే ఉన్నాడు కదమ్మా! ఓపాలి దగ్గిరకెల్లి పలకరించేసి వచ్చెత్తాను. నువ్వేటైనా సెప్పమంటావా?" అంది.

చక్రం తిప్పేవాడితో సహా అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ ఆకాశంలోకి వెళ్ళిపోయింది. అంత ఎత్తులోంచి ఆ గొంతు మా మీద వానలా పడింది. "ఓలమ్మో, లైటు హౌసు అవుపిస్తంది! ఓడలు అవుపిస్తన్నాయి, అగ్గిపెట్టెలంతున్నాయి!" మేం కిందినుంచి, "ఇంకా ఏటి అవుపిస్తందత్తా?" అని అరిచాం. "మన క్వార్టర్సు అవుపిస్తన్నాయి! వసంతా, మీయమ్మ వడియాలు తియ్యనేదే, కాకులు తినెత్తన్నాయి!" నేను పడీపడీ నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఆవిడ దిగివచ్చి నా చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆగేలోపే నేను పెట్టెలో ఆవిడ పక్కన ఉన్నాను. పైకి వెళ్ళాక కళ్ళు తెరిచి ఎంత వెతికినా క్వార్టర్సు కనబడలేదు. మధ్యలో ఊరూ, గుట్టలూ అడ్డం.

"అవుపించటం లేదత్తా" అన్నాను.

"నాకవుపించినాయి. నువ్వు సరిగ్గా సూడు."

తిరిగి వచ్చేటప్పుడు, తనే ముందెందుకు ఎక్కాలని అత్తను అడిగాను. "నాను ముందెక్కితే బండి బాగుందో నేదో నాకు తెలుస్తాది. పైకెల్లిన మనిసి మల్లా కిందకొత్తాదని మీకు తెలుస్తాది. అంతే" అంది. ఆ ఏడు సెలవుల్లో నాన్న నాకు కొనిపెట్టినవేవీ గుర్తు లేవు. ఆవపువ్వు రంగు చీర దీపాల పక్కగా పైకి పోవడం మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

నేను ఇంటర్మీడియెట్ పాసయ్యాక ఇంట్లో గొడవ మొదలైంది. డిగ్రీ చదవాలంటే ఊరి అవతలికి బస్సులో ఒంటరిగా వెళ్ళాలి. అమ్మ అన్నం మానేసింది. నాన్న పేపరు చదువుతున్నట్టు నటించారు. నరసమ్మత్త పనికి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆ బస్సెక్కి కాలేజీ దాకా వెళ్ళి వచ్చింది. సరాసరి మా ఇంట్లోకి వచ్చి నేల మీద కూర్చుని, "బస్సు బాగుంది. డైవరు ముసిలోడు, నిదానంగా తోల్తాడు. కాలేజీ కాడ నీల్లకుండ ఉంది. లోనికెల్లే కాడ ఒక మెట్టు ఇరిగింది, సూసి ఎక్కమను" అని నాన్నతో చెప్పింది. "దాన్ని ఇంట్లో కూకోబెట్టడానికి ఇంకేటి కారణముందో సెప్పండి, అది కూడా ఎల్లి సూసి వత్తాను." నాన్న పేపరు మడిచారు. ఆ విరిగిన మెట్టును నేను డిగ్రీ అయ్యేదాకా రోజూ చూసి ఎక్కాను.

పెళ్ళయి, సుధ కడుపులో ఉన్నప్పుడు నెలలు నిండేకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు. ఆసుపత్రి మంచం మీద నరసమ్మత్త చెయ్యి పట్టుకుని, "భయంగా ఉందత్తా" అన్నాను. ఆవిడ నా జుట్టు సవరిస్తూ, "ఈ రాట్నం మాత్రం నాను ముందెక్కనేకపోయేనే అమ్మా. ఇది నువ్వే ఎక్కాల. ఎక్కి, ఏటి అవుపించిందో నాకు సెప్పాల" అంది. సుధ పుట్టాక ఆవిడకు అంతా చెప్పాను, నొప్పులతో సహా, ఏదీ దాచకుండా. పిల్లను ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా నోరు తెరుచుకుని వింది. చిన్నా పుట్టిన ఏడాదే ఆవిడ సొంత ఊళ్ళో పోయింది.

ఎగ్జిబిషనులో వేళ్ళకు గ్రీజు అంటిన క్షణంలో నాకు తట్టింది ఇదే. బోల్టు పెట్టనిది వాళ్ళే కావచ్చు, కానీ ముందు నేనొక్కదాన్నే ఎక్కి చూడలేదు. ఎత్తంటే నాకు ఇప్పటికీ భయమే. పిల్లలు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని వాళ్ళిద్దర్నీ చెరోపక్కనా కూర్చోబెట్టుకున్నాను. సరే, ఇప్పుడేం చెయ్యాలి? ఏడుస్తున్న పిల్లాణ్ణి చంకనేసుకుని ఇంటికి పోవడమా? వరసలో మా తర్వాతి వాళ్ళు అప్పుడే ఆ పెట్టెలోకి ఎక్కబోతున్నారు. భర్త, భార్య, జడకుచ్చులు పెట్టుకున్న ఆడపిల్ల. నేను వెళ్ళి పెట్టె తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

యజమాని వచ్చాడు. మొదట మంచిగా చెప్పాడు. తర్వాత, "ఏటమ్మా, బేరాలేల సెడగొడతావు?" అన్నాడు. నన్ను ఇంటికాడ కూర్చోమన్న ఆవిడే ఈసారి తీగముక్కను దగ్గరగా చూసి, తన పిల్లల్ని వెనక్కి లాక్కుంది. భర్త కూడా కూతుర్ని దించేశాడు. యజమాని గొంతు తగ్గించి, "ఈ పూటకి ఇది ఆపెత్తాను. రేపు బోల్టు ఏయిత్తాను, దొరకొద్దా?" అన్నాడు.

"మేముండేది గాజువాకలో. పక్కనే ఆటోనగర్. అక్కడ దొరకని బోల్టు లేదు. మీకు తీరిక లేకపోతే చెప్పండి, నేనే తెస్తాను."

వాడు పెట్టెకు గొలుసు చుట్టి తాళం వేసేదాకా కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన స్టీలు ప్లాంటులో షిఫ్టు ముగించుకుని వచ్చి ఉన్నారు. అంతా విని, "పదిమందిలో ఎందుకొచ్చిన గొడవ వసంతా? దిగావు, వచ్చేస్తే పోయేది" అన్నారు. "నేను వచ్చేస్తే ఆ తర్వాత ఎక్కినవాళ్ళ పిల్ల పిల్ల కాదా?" అన్నాను. ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. మా అత్తగారు మాత్రం వదల్లేదు. "మొగోడు నేకుండా పిల్లల్ని అలాటి సోట్లకి తీసుకెల్తే ఇలాగే ఉంటాది. ఇంకెక్కడికీ ఎల్లక్కర్నేదు. సెలవులు ఇంట్లోనే అయిపోతాయి" అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. మా అమ్మలాంటిదే, భయాన్ని ప్రేమ అనుకుంటుంది. ఆ రాత్రి నేనూ అనుకున్నాను, ఆవిడ చెప్పినట్టే చేస్తే ఎంత సుఖం! ఎవరికీ ఏమీ కాదు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు.

పొద్దున్నే వంటింట్లో పిల్లలకు ఇడ్లీలు పెడుతూ అత్తగారు, "ఆ సక్రం జోలికి ఇంకెప్పుడూ ఎల్లకండి నాయనా, మనుసుల్ని మింగెత్తాది" అంటున్నారు. చిన్నా నోరు తెరిచి వింటున్నాడు. సుధ తలూపి, "నేనింక ఎప్పుడూ ఎక్కను నానమ్మా. ఎత్తుగా ఉన్నవేవీ ఎక్కను" అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఓడ కూతకు చెవులు మూసుకున్న పిల్ల గొంతు అది. సగం తెరిచిన తలుపు వెనకనుంచి మా అమ్మ మాట్లాడిన గొంతు అది. నిన్న కడ్డీ జారినప్పటికంటే ఎక్కువ భయమేసింది నాకు. తీగకు బదులు బోల్టు వేయించవచ్చు. పిల్లలో జారిపోతున్న ధైర్యాన్ని ఏం పెట్టి బిగిస్తాం?

పిల్లల మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. అత్తగారు వినాలని కాస్త గట్టిగానే చెప్పాను. "చక్రం ఎవర్నీ మింగదు. నిన్న దానికి బోల్టు లేదు, అందుకని దిగాం. ఈ సాయంత్రం మళ్ళీ వెళ్తున్నాం. బోల్టు వేశాడో లేదో నేను చేత్తో ఊపి చూస్తాను. వెయ్యకపోతే మళ్ళీ రేపు వెళ్తాం. వేస్తే ముందు నేనెక్కుతాను, ఒక్కదాన్నే. మీరిద్దరూ కంచె దగ్గర నిలబడి, పైనేం కనిపిస్తోందని గట్టిగా అరిచి అడగాలి. నేను చెప్తూ ఉంటాను. దిగి వచ్చాక మీరూ ఎక్కండి."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. సుధ ఇడ్లీ ముక్కను పళ్ళెంలో అటూ ఇటూ తిప్పింది. తల ఎత్తకుండానే, "అమ్మా, అంత పైనుంచి మన ఇల్లు కనిపిస్తుందా?" అని అడిగింది.

గాజువాక ఎక్కడ, బీచి ఎక్కడ! మధ్యలో కొండలు, సగం ఊరు.

"కనిపిస్తుంది" అన్నాను. "డాబా మీద నానమ్మ వడియాలు తీసిందో లేదో కూడా కనిపిస్తుంది."