అవ్వ మెడలో రాజు

పెనుకొండలో మా అవ్వ, తాళి పక్కన గుచ్చుకున్న పాత బంగారు కాసును రోజూ పొద్దున్నే కళ్లకద్దుకునేది. దాని మీదున్నది అమ్మవారి ముఖమని ఆమె నమ్మకం.

ఆ సంగతి విని ధర్మవరం నుంచి చరిత్ర లెక్చరర్ ఒకాయన వచ్చాడు. అవ్వ మెడలోంచి తీయనంది. ఆయన భూతద్దం ఆమె చేతికే ఇచ్చి, తన చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"రోమ్ చక్రవర్తి బొమ్మమ్మా ఇది. చుట్టూ ఆయన పేరే ఉంది."

"అంటే మొగోడా?"

"మొగోడేనమ్మా."

అవ్వ వెంటనే కాసును తిప్పేసి, ముఖాన్ని లోపలివైపు పెట్టింది.

"ఇప్పుడు నీ గుండెకింకా దగ్గరైనాడు కదే," అన్నాడు తాత.

అవ్వ మళ్లీ బయటికి తిప్పింది. ఆనాటి నుంచి తాత రోజూ కాఫీ తాగుతూ, "ఏమంటాండాడు మీ రాజు?" అని అడిగేవాడు.

"నిన్నే చూస్తాండాడు," అనేది అవ్వ.

మొన్న తాత పోయాడు. దినం నాడు తాళి తీశారు. అవ్వ ఆ కాసును మాత్రం నల్లదారానికి గుచ్చి మెడలో కట్టుకుంది. ఇదేం పద్ధతని బంధువులు అడిగారు.

"ఆయప్పకు ఈ రాజంటే కుళ్లు," అంది అవ్వ. "మెడలో ఉంటే, చూసేకైనా వస్తాడు."